ఏ అరలో పెట్టాలి?

మా నాన్నగారు రైల్వే తపాలా సర్వీసు, అదే ఆర్.ఎం.ఎస్.లో, ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసే సార్టరు. ఉద్యోగమంతా బెజవాడ మెయిల్ ఆఫీసులోనే, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. చిన్నప్పుడు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి రెండు మూడుసార్లు ఆయన పని చేస్తుంటే చూశాను. ఎదురుగా నిలువెత్తు చెక్క చట్రం, దాన్నిండా చిన్న చిన్న అరలు. ఎడం చేతిలో ఉత్తరాల కట్ట. కుడిచేత్తో ఒక్కొక్కటే తీసి విసరడం. చదువుతున్నట్టే ఉండదు. కార్డు వేళ్లలోంచి జారేలోపే అది గుడివాడదో, అవనిగడ్డదో, తెనాలిదో తేలిపోయేది. ఎలా తెలుస్తుంది నాన్నగారూ అంటే, "ఊరు తెలిస్తే చాలమ్మా, లోపలేముందో మనకెందుకు" అనేవారు.

నేను కాలేజీ లైబ్రేరియన్‌నయ్యాను. ముప్ఫై మూడేళ్లు చేశాను. అదీ అరల ఉద్యోగమే, కాకపోతే లోపలేముందో తెలిస్తేగానీ అర దొరకని ఉద్యోగం.

నాన్నగారు పోయాక ఆయన ట్రంకుపెట్టెలో పదకొండు లాంగ్ నోటుబుక్కులు కనపడ్డాయి. 1958 నుంచి 1986 దాకా, డ్యూటీ దిగి వచ్చి, కాఫీ తాగి, పడుకునే ముందు రాసుకున్నవి. డైరీ అనడానికి లేదు, రోజూ రాయలేదు. వ్యాసాలనడానికీ లేదు, కొన్ని నాలుగు వాక్యాలే. జనం చేతిరాతలు, కాలవలో నీళ్లు, సత్యనారాయణపురంలో హరికథ, గీతాపారాయణ, పై అధికారి నస్యం డబ్బా, అద్వైతం మీద అనుమానాలు, ఇడ్లీ. లెక్కపెడితే 386 రాతలు తేలాయి. రిటైరయ్యాక రెండేళ్లపాటు మధ్యాహ్నాలు కూర్చుని అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఎక్కించాక పాత బుద్ధి ఊరుకోదు కదా, వీటికి విషయసూచిక ఏదీ అని మొదలుపెట్టింది.

హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం చేసే మా మేనకోడలు సంక్రాంతికి వచ్చింది. "మూడొందల ఎనభై ఆరూ మళ్లీ చదివి పేర్లు పెడుతూ కూర్చుంటావా అత్తా? ఒక ప్రోగ్రాం రాసిస్తాను, ట్యాగులు అదే వేసేస్తుంది" అంది. ట్యాగును నేను ముద్ర అంటాను. పోస్టాఫీసు ఇంటిపిల్లకి ఆ మాటే నోటికొస్తుంది.

ఆ ప్రోగ్రాం మొదటి పద్ధతి సులువుగానే అర్థమైంది. ఒక రాతలో ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో చూస్తుంది, ఆ మాట మిగతా రాతల్లో ఎంత అరుదో చూస్తుంది, రెండూ కలిపి మాటకు బరువు కడుతుంది. బరువైన మాటలు ఏ ముద్ర కిందికి వస్తాయో చూసి ఆ ముద్ర వేస్తుంది. అరుదును లెక్కలోకి తేవాలన్న ఆలోచన 1972లో ఇంగ్లండులో కారెన్ స్పార్క్ జోన్స్ అనే ఆవిడది. మనకు పిన్ కోడు వచ్చిందీ ఆ ఏడాదే, ఆగస్టు 15న. పిన్ కోడు మీద నాన్నగారికి ఒక ఫిర్యాదు ఉండేది: అంకెలు వచ్చాక సార్టర్లు ఊళ్ల పేర్లు చదవడం మానేశారని.

మర్నాటికి ముద్రలు పడ్డాయి. చూసి ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. బాబాయ్ హోటల్ ఇడ్లీ మీద రాసింది "బంధువులు"లో పడింది. ఉపనిషత్తు క్లాసుకు వెళ్లొచ్చి "అర్థం కాలేదు, అర్థం కాలేదు" అని మూడుసార్లు రాసుకున్నది "ఆర్థికం"లో పడింది. స్టేషన్ మెట్ల మీద ముష్టివాడు ధర్మం చెయ్యమన్న సంగతి "మతం"లో చేరింది. పైగా మన భాషలో దేవుడు ఒక్కడు కాడు: దేవుడు, దేవుడి, దేవుణ్ణి, దేవుడా అని విభక్తికొక దేవుడు, యంత్రం వాళ్లను విడివిడిగా లెక్కపెట్టింది. మా మేనకోడలు ప్రత్యయాలు కత్తిరించి అందరినీ ఒకటి చేసింది. "రామానుజులు, మధ్వులు ఒప్పుకుంటారో లేదో కనుక్కో" అన్నాను. పిల్లకి ఆ హాస్యం అందలేదు. అందకపోవడమే మంచిదయింది, పని సాగింది.

ఒకటి మాత్రం నవ్వులోంచి బయటికొచ్చి నిలబడింది. సంచులెత్తి నడుం పట్టేసిన రోజున నాన్నగారు రాసింది మొత్తం రెండే వాక్యాలు. రెండూ "ఒరే దేవుడా" అనే మొదలవుతాయి. యంత్రం "భక్తి" అని ముద్ర వేసింది. తప్పేలే అని కొట్టెయ్యబోయి ఆగాను. పురాణంలో ఏనుగు మొసలి నోట కాలు చిక్కి పిలిస్తే భక్తి, నడుం పట్టేసి పిలిస్తే కాదా? ఎంత నొప్పి దగ్గర ఊతపదం ప్రార్థన అవుతుంది? ముప్ఫై మూడేళ్లు మతాల అరలు సర్దినదాన్ని, ఈ ప్రశ్న ఒక్కసారీ వేసుకోలేదు.

వేసుకునే అవసరం రానివ్వలేదు మా డ్యూయీ. లైబ్రరీల్లో పుస్తకాలు సర్దడానికి ఆయన గీసిన పద్ధతిలో లోకమంతా పది భాగాలు, 200 మతం. అందులో 220 నుంచి 280 దాకా బైబిలూ క్రైస్తవమూ పరుచుకుని కూర్చుంటాయి. మిగతా లోకంలోని దేవుళ్లందరూ 290లలో ఒదిగి ఉండాలి. హిందూమతం 294.5, చుక్క పక్కన. 1876లో అమెరికాలో కూర్చుని గీసిన గీతలవి, ఆయన బీరువాలో ఏ పుస్తకాలున్నాయో ఆ కొలతకు అరలు కొట్టించుకున్నాడు, దానికిప్పుడు తగువెందుకు. నా తగువు యోగంతో. పతంజలి 181.45లో, తత్త్వశాస్త్రాల మధ్య. ఆసనాలు నేర్పే పుస్తకం 613.7లో, ఆరోగ్యం కింద. రెండు బీరువాల మధ్య నలభై అడుగుల దూరం. ఒకే మనిషి పొద్దున్నే వంగుతూ సాయంత్రం ధ్యానం చేస్తుంటే వాడికి రెండు గదుల మధ్య నడకే సరిపోతుంది.

పుస్తకానికి ఒళ్లుంది. ఒళ్లున్నది ఒక్కచోటే ఉండాలి. ముద్రకు ఆ బాధ లేదు, ఒక రాతకు పది వేసుకోవచ్చు. ఈ విడుదల కంప్యూటరుతోనే వచ్చిందనుకుంటారు గానీ, మా వృత్తిలో దీన్ని ముందే పసిగట్టినాయన షియాళి రంగనాథన్. లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అధికారి అయ్యాడు. లండన్‌లో ఒక దుకాణంలో మెకానో బొమ్మల సెట్టు చూసి, అవే ముక్కలను రకరకాలుగా బిగిస్తే రకరకాల బొమ్మలు అవుతున్నప్పుడు విషయాలెందుకు కావనుకున్నాడు. 1933లో కోలన్ వర్గీకరణ అచ్చయింది. ఏ విషయాన్నయినా వ్యక్తి, పదార్థం, శక్తి, దేశం, కాలం అని ఐదు ముఖాలుగా విడదీసి చూడమన్నాడు.

ఆయన పట్టికలో ప్రధాన విషయాలకు ఇంగ్లీషు పెద్దక్షరాలు. మతానికి క్యూ, తత్త్వానికి ఆర్. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఆధ్యాత్మిక అనుభవానికి వేరే స్థానం కావాలనుకుని, ఆ అక్షరాల వరసలో దేనికీ చెందని గ్రీకు డెల్టాను, ఆ త్రిభుజం గుర్తును, తెచ్చి పెట్టాడు. ఎక్కడ పెట్టాడు? మతం పక్కన కాదు. ఒకపక్క ఉపయోగ కళలు, ఇంకోపక్క లలిత కళలు, ఆ రెంటికీ నడుమ. అంటే వంటావార్పూ వడ్రంగమూ అయ్యాక, సంగీతమూ శిల్పమూ మొదలుకాక ముందు. మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. ఇప్పుడు ఆ పట్టికలో నాకు పూర్తిగా నచ్చే గుర్తు అదొక్కటే.

మనవాళ్ల ముద్రల్లో నాకు బాగా తెలిసినవి తాళ్లపాకవారివి. తిరుమల గుడిలో అన్నమాచార్యుల రాగిరేకులు దాచిన చోటును తాళ్లపాక అర అనేవారు. చూడండి, అక్కడా అరే. ఆయన 32,000 సంకీర్తనలు చెప్పాడని మనవడు చిన్నన్న రాశాడు. 1922 ప్రాంతంలో రేకులు బయటపడితే, వాటిలో దొరికినవి పన్నెండు వేల పైచిలుకు. పాటపాటకూ రాగం పేరు చెక్కి ఉంది. అంతకుముందే పెద్ద విభజన ఒకటి ఉంది: అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు. ఐదొందల ఏళ్ల నాటి రెండు ముద్రలు, రాగి మీద. తర్వాత అచ్చయిన సంపుటాలూ ఆ విభజననే పట్టుకున్నాయి.

ఉద్యోగంలో ఉండగా ఆ సంపుటాలను ఎక్కడ పెట్టాలో నాకు పెద్ద చిక్కు. 294.5లో పెడితే తెలుగు లెక్చరర్లు కోప్పడేవారు, సాహిత్యంలో పెడితే ధనుర్మాసంలో వచ్చే పెద్దవాళ్లు దొరకలేదని గొణిగేవారు. అధ్యాత్మ సంపుటాలు మతంలోనూ శృంగార సంపుటాలు సాహిత్యంలోనూ పెట్టమని ఒక ప్రిన్సిపాల్ గారు సలహా చెప్పారు. చాలామంది మనసులో ఉన్న లెక్క అదే: దేవుడు ఇటు, ప్రేమ అటు. కానీ శృంగార సంకీర్తన ఏది తీసినా, నాయిక ఎంత అలిగినా, చెలికత్తె ఎంత ఎత్తిపొడిచినా, చివరికి వేంకటేశుడి పేరు వచ్చి తీరుతుంది. నాయకుడూ వాడే, దేవుడూ వాడే. పదకర్తల భాషలో ఆ పేరును కూడా ముద్ర అనే అంటారు. మా మేనకోడలి ప్రోగ్రాముకు అలాంటి పాట ఒకటి ఇచ్చి చూశాను. చివరి పాదం లేకుండా ఇస్తే "దాంపత్యం" అంది. పాదం కలిపి ఇస్తే "భక్తి" అంది. రేకుల మీద విభజన చేసినవారికి ఈ రెండో సంగతి తెలియక కాదు. అవి భక్తిని భక్తి కానిదాని నుంచి వేరుచేసే ముద్రలు కావు. పాడబోయేవాడికి, ఈ రేకులో ఏ గొంతు పెట్టుకోవాలో చెప్పే ముద్రలు. కవి గొంతు ఒకటి, నాయిక గొంతు ఒకటి. వెతికేవాడి సౌకర్యాన్ని వస్తువు స్వభావం అనుకున్నది మనం.

ఇక్కడ తర్కం కొంచెం కావాలి. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మనవాడే అంటారు. ఆ చిన్న పుస్తకం మొదట్లోనే లోకంలో ఉన్నదంతా ఏడు పదార్థాలని తేల్చేస్తాడు: ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం. పదార్థం అంటే ఇవాళ మనకు విస్తట్లో వడ్డించేది. అసలు మాట పదానికి అర్థమైనది అని. అంటే మన తార్కికుల లెక్కలో, పేరు పెట్టదగినదే ఉన్నది. ఆవులన్నిటిలో గోత్వం అనే జాతి నిజంగా ఉంది, అందుకే ఆవు అనే మాట అన్నిటికీ అతుకుతుందంటారు. బౌద్ధుడైన దిఙ్నాగుడు ఒప్పుకోలేదు. ఆవు అంటే ఆవు కానివి కానిది, అంతే, లోపల గోత్వమూ లేదు గాడిదగుడ్డూ లేదన్నాడు (గాడిదగుడ్డు నాది). ఎక్కడెక్కడ లేదో లెక్కపెట్టి మాటకు బరువు కట్టే ఈ యంత్రం తనకు తెలియకుండానే దిఙ్నాగుడి పక్షం.

నాకు ఆ తగువు కన్నా వైశేషికుల ఇంకో మెలిక పనికొచ్చింది. రెండు వస్తువులు కలిసి ఉండడంలో వాళ్లు రెండు రకాలు చెబుతారు. బల్ల మీద పుస్తకం ఉండడం సంయోగం. తీస్తే వస్తుంది, బల్ల బల్లే, పుస్తకం పుస్తకమే. దారాల్లో బట్ట ఉండడం, పువ్వులో ఎరుపు ఉండడం సమవాయం. విడదీయబోతే రెండోది మిగలదు. ముద్ర పుస్తకానికి సంయోగం. మనం దాన్ని సమవాయం అనుకుంటాం. మనుషుల దగ్గర మరీ అనుకుంటాం. కొత్త లెక్చరరు వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టగానే, పక్కనున్నవాళ్లు ఇంటిపేరు చూసి లోపలలోపల అర వెతికేవారు. ఇంటిపేరుతో తేలకపోతే "మీరేమిట్లు?" అనే ప్రశ్న సిద్ధంగా ఉండేది. ఏ యంత్రమూ అంత వేగంగా ముద్ర వెయ్యడం నేను చూడలేదు. దాన్నీ జాతి అనే అన్నాం.

ఇంతదాకా వచ్చాక ఉపనిషత్తులోని "ఇది కాదు, ఇది కాదు" అనే మాట చెప్పి లేస్తానని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నాకు ఆ వాక్యం మీద గౌరవమే గానీ, లైబ్రరీలో అది పనికిరాదు. పుస్తకం అడిగినవాడికి ఇది కాదు, ఇదీ కాదు అని చెబుతూ పోతే వాడు సాయంత్రానికి వట్టిచేతులతో ఇంటికెళ్తాడు. ముద్ర కావాలి. వ్యాసుడంటేనే విడదీసి అమర్చినవాడు. ఒకటిగా ఉన్న వేదాన్ని నాలుగు చేస్తేగానీ శిష్యులు మొయ్యలేరని చేశాడు.

ఇక అసలు రాత. తొమ్మిదో నోటుబుక్కులో, తేదీ 1977 నవంబరు 26. దివిసీమ ఉప్పెన వచ్చింది ఆ నెల 19న. వేలమంది పోయారు. ఆ వారం ఇంట్లో నాన్నగారు ఏం మాట్లాడారో నాకు గుర్తులేదు, ఏమీ మాట్లాడలేదనే గుర్తు. రాసింది ఇది: అవనిగడ్డ సంచి ఇవాళా వెళ్లలేదు. అర నిండిపోయింది, కట్టలు కట్టి కింద పెట్టాం. ఆ కింద ఊరి పేరు, పక్కన అంకె. సొర్లగొంది 14. పాలకాయతిప్ప 9. హంసలదీవి 22. అలా పదహారు ఊళ్లు. చివరన మూడు చిన్న వాక్యాలు: సొర్లగొంది కార్డు ఒకటి చదివాను. చదవకూడదు. చదివాను.

కార్డులో ఏముందో రాయలేదు.

ఆ మధ్యాహ్నం దీన్ని టైపు చేస్తూ లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. లోపలేముందో మనకెందుకన్న మనిషి ఉద్యోగంలో ఒకే ఒక్కసారి ఆ మాట తప్పాడు, తప్పినట్టు రాసుకున్నాడు. పదకొండు నోటుబుక్కుల్లో దేవుడి గురించి రాసిన పేజీ ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. గీత మీద పద్నాలుగు రాతలున్నాయి, అద్వైతం మీద ఆరున్నాయి, వాటిని కాదు. ఇందులో దేవుడనే మాట లేదు. చావు, ఏడుపు, ఉప్పెన అనే మాటలు కూడా లేవు.

అప్పటికి మా మేనకోడలు రెండో పద్ధతికి మారింది. మాటలు లెక్కపెట్టడం కాదు, ప్రతి రాతనూ కొన్ని వందల అంకెల వరస చేసి, ఏ రాత ఏ రాతకు దగ్గరో కొలుస్తుంది. బంధువులూ ఆర్థికమూ లాంటి తప్పులు చాలామటుకు పోయాయి. ఈ పేజీకి అది ఇచ్చినవి: తపాలా 0.91, ఊళ్లు 0.77. ఇంకే ముద్రా 0.5 దాటలేదు కాబట్టి అక్కడితో ఆగింది.

తప్పనడానికి లేదు. మన అలంకారికులు మాటకు మూడు శక్తులు చెప్పారు. మాట నేరుగా చెప్పే అర్థం మొదటిది. గంగలో పల్లె అంటే నీళ్లలో కాదు, ఒడ్డున అని తెలుసుకోవడం రెండోది, లక్షణ. ఆ పల్లె చల్లగా పావనంగా ఉందని, ఎవరూ చెప్పకుండా తోచడం మూడోది, వ్యంజన. తొమ్మిదో శతాబ్దిలో ఆనందవర్ధనుడు కావ్యానికి ప్రాణం అక్కడే ఉందన్నాడు. యంత్రం మొదటి మెట్టు బాగా ఎక్కింది, రెండోదీ తడుముకుంటూ ఎక్కుతోంది. మూడోది ఎక్కలేదని దాన్ని తప్పుపట్టను. ఆ మెట్టు పేజీలో సగం, చదివేవాడిలో సగం ఉంటుంది. ఆ రెండో సగం దాని దగ్గర లేదు.

నేనే చేత్తో ఆ పేజీకి "దైవం" అని ముద్ర వేశాను. "వెయ్యి అత్తా, నువ్వు వేసింది చూసి అది కూడా నేర్చుకుంటుంది" అంది మా మేనకోడలు. నేర్చుకుంది. మర్నాడు మళ్లీ నడిపిస్తే, సార్టింగు గురించిన రాతలు నలభై ఒకటి "దైవం"లోకి వచ్చి కూర్చున్నాయి. జిగురు కొరత, దైవం 0.63. రబ్బరు స్టాంపు అరిగిపోయిన సంగతి, 0.58. పై అధికారి నస్యం డబ్బా కూడా చేరింది. ఊళ్ల పేర్లూ అంకెలూ సంచులూ ఉన్నచోట దైవం ఉంటుందని దానికి నేను చెప్పాను, అది నమ్మింది.

నలభై ఒకటీ కూర్చుని చదివాను. జిగురు కొరతలో నాకు దైవం కనపడలేదు. ఆయనకు కనపడిందేమో, రాయలేదు. నేను ఆ పేజీ మీద వేసింది పేజీ ముద్ర కాదని అప్పుడు తెలిసింది, అది నేను మంచినీళ్లకు లేచిన మధ్యాహ్నం ముద్ర. దాన్ని తెచ్చి మా నాన్నగారి ఊళ్ల జాబితాకు సమవాయంగా అంటించబోయాను. ఇంకొకరు ఆ పేజీని తపాలా కోసం వెతుక్కుంటూ వచ్చి, ఏమీ తెలియకుండా, ఆ మూడు చిన్న వాక్యాల దగ్గరికి చేరాలి. ముందే పైన దైవం అని రాసి ఉంటే అప్పటికే చేతులు జోడించి వస్తారు. జోడించిన చేతులతో పేజీ తిప్పడం కష్టం.

ముద్ర తీసేయించాను. నలభై ఒకటీ తమ పాత చోట్లకు వెళ్లాయి, నస్యం డబ్బాతో సహా. నడుంనొప్పి రాతకు పడ్డ "భక్తి" మాత్రం ఉండనిచ్చాను. ఎందుకో మా మేనకోడలు అడిగింది, మాట్లాడే మాటలో దేవుడు ఉన్నాడు కదా అన్నాను.

సొర్లగొంది పేజీ ఇప్పుడు తపాలా కింద, ఊళ్ల కింద ఉంది. తేదీ కొట్టినా దొరుకుతుంది, 1977 నవంబరు 26.